పక్కన మనిషి ఉంటే కొండ తగ్గుతుందా?

అలిపిరి నుంచి తిరుమలకు కాలినడకన వెళ్లినవాళ్లకు మోకాళ్ల పర్వతం గురించి వేరే చెప్పక్కర్లేదు. మూడున్నర వేల పైచిలుకు మెట్లలో అప్పటిదాకా ఎక్కినవన్నీ ఒక ఎత్తు, ఆ కాస్త దూరమూ ఒక ఎత్తు. అక్కడ మెట్ల మీద కూలబడ్డవాళ్లను గమనించండి. పక్కన ఒక అన్నో, కోడలో, స్నేహితుడో నిలబడి "ఇంకెంత, పది మెట్లు, లే" అంటుంటారు. పది మెట్లు కాదని చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. అయినా లేస్తారు.

ఆ మాట కాళ్లకు బలం ఇవ్వలేదు, కొండనూ తగ్గించలేదు. మరి ఏం చేసింది? సిమోన్ ష్నాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం అచ్చంగా ఈ ప్రశ్న మీదే. మనుషులను ఒక కొండ మొదట్లో నిలబెట్టి, వాలు ఎంత ఉందో అంచనా వేయమన్నారు. ఒంటరిగా నిలబడ్డవాళ్లకన్నా, పక్కన స్నేహితుడు ఉన్నవాళ్లకు కొండ తక్కువ ఏటవాలుగా కనిపించింది. స్నేహం ఎంత పాతదైతే వాలు అంత తగ్గింది. పక్కన మనిషి లేకపోయినా, తమకు అండగా నిలిచినవాళ్లను మనసులో తలుచుకున్నా ఫలితం అలాగే వచ్చింది. చిన్న ప్రయోగం ఇది. ఇలాంటి అంచనాలలో నిజంగా చూపు మారుతోందా, లేక చెప్పే జవాబు మాత్రమే మారుతోందా అని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. దీన్ని నేను రుజువుగా కాక, ప్రశ్నగా పట్టుకుంటాను. చదువు, ఉద్యోగం అనే కొండల దగ్గర మనవాళ్ల మాట ఎంత పనిచేస్తుంది? ఎప్పుడు పనిచేయదు?

జవాబుకు ముందు ఒక తెలుగింటి కథ చెప్పాలి.

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో ఆమె. అన్నదమ్ములు ఇంజనీరింగ్ వైపు వెళ్తే, ఆడపిల్లల చదువు చాలా ముందే ఆగింది. లలితకు 15 ఏళ్లకు పెళ్లయింది. 18 ఏళ్లకు భర్త పోయారు. ఒళ్లో నాలుగు నెలల కూతురు. ఆ రోజుల్లో ఆ స్థితిలో ఉన్న బ్రాహ్మణ వితంతువు జీవితం ఎలా ఉండేదో మన నవలలు చదివినవాళ్లకు తెలుసు. లలిత మాత్రం క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి మొదటి తరగతిలో పాసయ్యారు. తరువాత ఏమిటన్నప్పుడు వైద్యం కుదరదనుకున్నారు. చంటిబిడ్డను పెట్టుకుని వేళాపాళా లేని ఉద్యోగం చేయడం కష్టం.

తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఆ కాలేజీలో అప్పటిదాకా ఆడపిల్ల అడుగుపెట్టలేదు. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో, ప్రజా విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్‌తో మాట్లాడి ఒప్పించారు. 1940లో లలిత చేరారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. తరగతిలో ఇబ్బంది లేదు గాని, హాస్టల్లో రాత్రిళ్లు ఒంటరితనం. అప్పుడు తండ్రి చొరవతో, ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన వచ్చింది. కేరళ నుంచి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ వచ్చి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఆ త్రేసియా తరువాత కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం చేసి, కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ఆ ఊళ్లో అన్నదమ్ముల్లో ఒకరు ఉండటం పెద్ద అండ. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె పని. భాక్రా నంగల్ పనుల్లోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు. 1979లో, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కథలో సుబ్బారావు గారు కూతురితో ఏమన్నారో మనకు తెలియదు. "నువ్వు చేయగలవమ్మా" అన్నారేమో, అనలేదేమో. తెలిసినవన్నీ ఆయన చేసిన పనులే. ఇద్దరు అధికారులను కలవడం, ఒక సీటు, ఒక హాస్టల్ గది, తోడుకు ఇద్దరు. నా మట్టుకు నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. ప్రోత్సాహం గురించి దశాబ్దాలుగా సాగిన పరిశోధన కూడా దాదాపు ఇదే చెబుతోంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక భావనకు పేరు పెట్టాడు. ఫలానా పని నేను చేయగలను అని మనిషికి తన మీద తనకు ఉండే అంచనాను ఆయన సెల్ఫ్ ఎఫికసీ అన్నాడు. మనం స్వశక్తి నమ్మకం అనుకుందాం. ఇది ఉన్నవాడు కష్టమైన లెక్క దగ్గర ఇంకాసేపు కూర్చుంటాడు, లేనివాడు పుస్తకం మూసేస్తాడు. తెలివి ఇద్దరికీ ఒకటే అయినా ఏడాది తిరిగేసరికి మార్కులు వేరవుతాయి. ఈ నమ్మకానికి బండూరా నాలుగు ఊటలు చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం. మనలాంటి మరొకరు చేయగా చూడటం. ఇతరులు చేయగలవని చెప్పడం. నాలుగోది ఒంటి స్థితి, అంటే గుండెదడ, వణుకు, అలసట. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాట మూడో స్థానంలో ఉంది, బలమూ తక్కువే. ఇంకో చేదు విషయం కూడా చెప్పాడాయన. మాటలతో నమ్మకం పెంచడం కష్టం, మాటలతో దాన్ని కూల్చడం మాత్రం తేలిక. "నీ మొహానికి లెక్కలా" అన్న ఒక్క మాట ఎన్నేళ్లు గుర్తుంటుందో తెలుగు మీడియంలో చదివిన ఎవరినైనా అడగండి.

అయితే ఆప్తుల మాటలో, ఆప్తుల ఉనికిలో వేరే ఏదో ఉంది. నాలుగో ఊట, ఒంటి స్థితి, దాని మీద అవి నేరుగా పనిచేస్తాయి. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్లయిన ఆడవాళ్లను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాకు తగలొచ్చని హెచ్చరించింది. ఒకసారి ఒంటరిగా, ఒకసారి ఎవరో తెలియనివాళ్ల చేయి పట్టుకుని, ఒకసారి భర్త చేయి పట్టుకుని. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి స్పందించే భాగాల హడావుడి తగ్గింది. కాపురం ఎంత సఖ్యంగా ఉంటే అంత తగ్గింది. తెలియనివాళ్ల చేయి కూడా కొంత పనిచేసింది గాని అంతగా కాదు. పదహారు మందితో పెద్ద సిద్ధాంతం కట్టలేం. కాని పరీక్ష హాలు గేటు దాకా వచ్చి, మూడు గంటలూ చెట్టు కింద నిలబడే తండ్రి చేసే పని ఏమిటో దీనితో కొంత అర్థమవుతుంది.

మా నాయనమ్మకు అక్షరం రాదు. పదో తరగతిలో నేను రాత్రిళ్లు చదువుకుంటుంటే పక్కన చాప మీద కూర్చుని వత్తులు చేసుకునేది. ఏం చదువుతున్నావని ఎన్నడూ అడగలేదు. నేను పుస్తకం మూసేదాకా మాత్రం లేచేది కాదు. దాన్ని చదువులో సాయం అని ఎవరూ అనరు. కాని పరిశోధనలు అంటాయి. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ 50 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. హైస్కూలు వయసుకు ముందు పిల్లల చదువులో తల్లిదండ్రుల ఏ జోక్యం బాగా పనిచేస్తుందన్నది ప్రశ్న. చదువు విలువ గురించి మాట్లాడటం, ముందు ముందు ఏం చేద్దామని కలిసి ఆలోచించడం, చదివి తీరతావని ఆశించడం, ఇవి ముందు నిలిచాయి. దగ్గర కూర్చుని హోంవర్కు చేయించడం మాత్రం లాభం చూపలేదు. 2015లో ఎరిన్ మలోనీ బృందం ఒకటి, రెండు తరగతుల పిల్లలను చూసి ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. లెక్కలంటే తమకే భయమున్న తల్లిదండ్రులు తరచూ దగ్గరుండి లెక్కలు చేయిస్తే, ఆ పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం ఎక్కువ నేర్చుకున్నారు. అదే తల్లిదండ్రులు హోంవర్కు జోలికి పోకుండా ఉంటే ఆ భయం పిల్లలకు అంటలేదు. వత్తులు చేసుకున్న నాయనమ్మే నయం.

ఇక మన ఇళ్లలో తరచూ వినిపించే ఒక మాట దగ్గరికి వద్దాం. "మావాడికి బుర్ర ఉందండీ, చదవడు గాని." చుట్టాలొచ్చినప్పుడల్లా ఈ మాట వినే పిల్లవాడి పరిస్థితి ఏమిటి? క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో అయిదో తరగతి పిల్లలకు కొన్ని తేలిక పజిళ్లు ఇచ్చారు. చేశాక కొందరితో "నువ్వు చాలా తెలివైనవాడివి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తరువాత ఎలాంటి పజిల్ కావాలంటే, తెలివిని మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది తేలికది కోరుకున్నారు. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది నేర్చుకోవడానికి వీలున్న కష్టమైనది కోరుకున్నారు. ఆపై కావాలనే చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. చివర మళ్లీ తేలికవి ఇస్తే, తెలివి పిల్లలు మొదటికన్నా తక్కువ చేశారు. తమ మార్కులు వేరే పిల్లలకు రాసి చెప్పమంటే, ఈ పిల్లల్లో పదిమందికి ఇంచుమించు నలుగురు అబద్ధం రాశారు. కారణం వెతకడం కష్టం కాదు. బుర్ర ఉందని పేరొచ్చాక, చదివి తప్పితే ఆ పేరు పోతుంది. చదవకుండా తప్పితే పేరు నిలుస్తుంది. "చదవడు గాని" అన్న వాక్యం వాడికి పరువు కాపాడుకునే దారి ఒకటి చూపిస్తోంది.

ఈ ప్రయోగం పేరు చెప్పుకుని తరువాత చాలా వ్యాపారమే నడిచింది. వాస్తవం కొంచెం చప్పగా ఉంటుంది. అమెరికాలో దాదాపు 12 వేలమంది తొమ్మిదో తరగతి పిల్లలకు, ప్రయత్నంతో తెలివి పెరుగుతుందని గంటలోపు పాఠం చెప్పి చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, వెనకబడిన పిల్లల గ్రేడు నాలుగు పాయింట్ల కొలమానం మీద సగటున 0.1 పెరిగింది. అంతే. మాట మంత్రం కాదు.

మరి మాట కాక ఇంకేమిటి? ఇక్కడ మన నేల మీద జరిగిన పని ఒకటుంది. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3 వేలమంది పిల్లలను వెంటాడుతూ వచ్చింది. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ బస్తీలు. కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి తూకం, ఎత్తు, చదువు, ఇంటి పరిస్థితి రాసుకున్నారు. తల్లులను ఇంకో ప్రశ్న కూడా అడిగారు. మీ పిల్ల ఎంతవరకు చదవాలని మీ కోరిక? పీటర్ సర్నీల్స్, స్టెఫన్ డెర్కన్ ఆ జవాబులను తరువాతి సంవత్సరాల లెక్కలతో కలిపి చూశారు. పిల్లలకు 12 ఏళ్లప్పుడు తల్లి చెప్పిన కోరిక, పెద్దయ్యాక ఆ పిల్లలు చేరుకున్న చదువుతో గట్టిగా ముడిపడి ఉంది. ఇంటి ఆస్తి, తల్లిదండ్రుల చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ముడి నిలిచింది. ఇదే అధ్యయనంలోని పిల్లల మీద డెర్కన్, అభిజిత్ సింగ్ చేసిన మరో పనిలో బాధ కలిగించే విషయం బయటపడింది. మన దగ్గర పన్నెండేళ్ల వయసుకే ఆడపిల్ల చదువు మీద తల్లిదండ్రుల ఆశ మగపిల్లవాడి మీద ఉన్నదానికన్నా తక్కువ. ఆ ఆశల్లోని తేడా తరువాత పిల్లల సొంత ఆశల్లోకి, ఆత్మవిశ్వాసంలోకి దిగింది.

ఇక్కడ పాఠకుడు ఒక మెలిక పెట్టొచ్చు. చదివే పిల్లను చూసే తల్లి ఆశ పెట్టుకుని ఉంటుందిగా, ఆశ వల్ల పిల్ల చదివిందని ఎలా అంటాం? న్యాయమైన ప్రశ్న. ఇంట్లో ఎవరి ప్రభావం ఎవరి మీదన్నది విడదీయడం ఈ రంగంలో అన్నిటికన్నా కష్టం. దాన్ని దాటడానికి ఆర్థికవేత్తలు పట్టుకున్న ఉపాయం మన ఎంసెట్ కౌన్సెలింగ్ చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒక కాలేజీలో చివరి సీటు ఫలానా మార్కు దగ్గర ఆగింది. ఆ మార్కుకు కాస్త పైనున్న అన్నకు సీటొచ్చింది, కాస్త కింద ఉన్న ఇంకో ఇంటి అన్నకు రాలేదు. ఇద్దరి తెలివీ, ఇళ్లూ, తల్లిదండ్రుల ఆశలూ దాదాపు ఒకటే. అదృష్టం మాత్రం వేరు. మరి ఈ రెండిళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు తరువాత ఎక్కడికి వెళ్లారు? చిలీ, క్రొయేషియా, స్వీడన్, అమెరికా, ఈ నాలుగు దేశాల లెక్కలతో 2021లో ఆడం ఆల్ట్‌మెయిద్, సహచరులు చూశారు. నాలుగు చోట్లా ఒకటే జవాబు. పెద్దవాడికి సీటొచ్చిన ఇంట్లో చిన్నవాళ్లు అదే కాలేజీకి దరఖాస్తు చేసి చేరడం ఎక్కువైంది. అమెరికాలో, పిల్లలు కాలేజీకి వెళ్లే అవకాశం తక్కువగా ఉన్న ఇళ్లలోనైతే చిన్నవాళ్లు నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లడమే పెరిగింది. బండూరా రెండో ఊట ఇదే. మనలాంటివాడు, మన కంచంలో తిన్నవాడు, అక్కడ బతికి బట్టకట్టాడు. అన్న ట్రంకు పెట్టె, అక్క అండర్‌లైన్ చేసిన గైడ్లు, ఏ బస్సు ఎక్కాలో, ఏ మెస్సులో తినొచ్చో చెప్పే నోరు, ఇవన్నీ ప్రోత్సాహమే.

ఈ లెక్కన ఇంటి గోడల బయట మారేవి కూడా ఇంటి లోపలి ప్రోత్సాహాన్ని మారుస్తాయి. పశ్చిమ బెంగాల్‌లో ఏ పంచాయతీకి మహిళా ప్రధాన్ రావాలో లాటరీలాంటి పద్ధతిలో తేల్చేవారు. బీర్భూమ్ జిల్లాలోని 495 గ్రామాలను చూసిన లోరీ బీమన్, ఎస్తర్ డుఫ్లో బృందం 2012లో ఏం చెప్పిందంటే, రెండుసార్లు మహిళ పీఠమెక్కిన ఊళ్లలో కొడుకు మీద, కూతురు మీద తల్లిదండ్రుల ఆశల తేడా 20 శాతం తగ్గింది. పిల్లల సొంత ఆశల్లో తేడా 32 శాతం తగ్గింది. చదువులో ఆడపిల్లల వెనకబాటు పోయింది. అమ్మానాన్నల మనసు మార్చింది ఉపన్యాసం కాదు, ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి.

ఉద్యోగాల సంగతి తక్కువ చెబుతాను, ఎందుకంటే పెళ్లి తరువాత ఎవరి ప్రోత్సాహం ఎవరికన్నది ఇళ్లలో గొడవలకు దారితీసే విషయం. ఆస్ట్రేలియాలో దాదాపు 4,500 మంది పెళ్లయినవాళ్లను అయిదేళ్లు గమనించిన బ్రిటనీ సాలమన్, జాషువా జాక్సన్ 2014లో ఒక మాట తేల్చారు. భర్త గాని భార్య గాని పద్ధతిగా, బాధ్యతగా ఉండే మనిషైతే, అవతలివారికి జీతం, ప్రమోషన్, ఉద్యోగ తృప్తి మెరుగ్గా ఉన్నాయి. కారణాల్లో మొదటిది చాలా మామూలుది. ఇంటి పనిలో వాళ్లు భుజం పట్టడం. పొగడ్తలు కాదు, గిన్నెలు, బిల్లులు, పిల్లల స్కూలు. ఉద్యోగం చేసే కోడలికి అత్తగారు ఇచ్చే అతి పెద్ద ప్రోత్సాహం పొద్దున ఏడింటికి వంటింట్లో కనిపిస్తుంది.

బరువయ్యే ప్రోత్సాహం కూడా ఉంది. జర్మనీలోని బవేరియాలో సుమారు 3,500 మంది పిల్లలను అయిదేళ్లు చూసిన కౌ మురయామా బృందం 2016లో చెప్పింది. తల్లిదండ్రుల ఆశ పిల్లల లెక్కల మార్కులను పెంచింది. కాని ఆ ఆశ, ఈ పిల్ల నిజంగా ఎంత సాధించగలదని వాళ్లే అనుకుంటున్నదానికన్నా బాగా ఎక్కువైన ఇళ్లలో మార్కులు తగ్గాయి. తొమ్మిదో తరగతిలోనే ఐఐటీ బ్యాచ్‌లో చేర్చి, పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా గదిలో ఉంచి, పండగకు కూడా ఇంటికి రానివ్వని ఏర్పాటుకు ప్రోత్సాహం అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రతి ఏటా ఇంటర్ ఫలితాల మరునాడు పేపర్లో వచ్చే వార్తలు మనందరం చదువుతున్నాం. ఆ పిల్లల ఇళ్లలో ప్రేమ లేదని కాదు. ఆశకూ పిల్లకూ మధ్య దూరాన్ని చూసేవాళ్లు లేరు.

లలిత డిగ్రీ పట్టా సంగతి చెప్పడం మరిచాను. ఇంజనీరు అంటే మగవాడే కనుక ఆ కాలేజీ పట్టాల మీద 'అతడు' అని అచ్చువేసి ఉంచుకుంది. ఈ ముగ్గురమ్మాయిల పట్టాల మీద ఆ మాటను కొట్టేసి, చేత్తో 'ఆమె' అని రాసి ఇచ్చారు.

మీ ఇంట్లో పన్నెండేళ్ల ఆడపిల్ల ఉంటే, ఎంతవరకు చదివిద్దామని మీ మనసులో ఉందో ఆమెకు తెలుసో లేదో ఒకసారి అడగండి. తెలియదంటే ఈ రాత్రి అన్నాలు తినేటప్పుడే చెప్పండి. చెప్పాక, ఆ చదువు ఎక్కడ ఉందో, ఎంతవుతుందో, ఏ బస్సు వెళ్తుందో కనుక్కోవడం రేపటి పని.